మఱుఁగుపాత్రము

నందిగామలో నొక మిత్రుని గృహమునఁ బ్రార్థనానంతరము చేసిన యుపదేశము



గడచిన మాఘమాసమున జగ్గయ్యపేటలో జరిగిన యొక వివాహమునకు మనలోఁ బలువురము పోయియుంటిమి. ఆ పెండ్లివారు విద్యావంతులు. కట్నము పుచ్చుకొనలేదు, ఆడంబరమునకై యప్పు చేయలేదు, విందు ఖర్చులోఁ గొంత మిగిల్చి పేదబాలికల చదువున కిచ్చిరి. ఇవి యన్నియు మనము మనసారఁ బొగడఁదగిన పనులు. అయితే విడిదియింట నొక బల్లమీఁద, వరుని స్నేహితుల కీయఁదలఁచిన కానుకలు, వరుసగా నెనిమిది పెట్టెలు పేర్పఁబడియుండెను. ఒక్కొక్క పెట్టెలో నల్లని మఖమలుగుడ్డపైఁ దళతళలాడు నుక్కుబుడ్డి యొకటి, రెండు చిన్నగిన్నెలు, బుడ్డిలోనికిఁ బోసికొనుట కొక గరాటు. బుడ్డిమీఁద స్నేహితుని పేరు ముత్యములవంటి యక్షరములతోఁ జెక్కఁబడియుండెను.

వరుని తండ్రిగారు మన ప్రార్థనలకు వచ్చువారే. నే నా పెట్టెలవైపు చూచుచుండుట కనిపెట్టి, చిఱునవ్వుతో, "వకీలుగారూ! కోపగింపకుఁడు. కుఱ్ఱవాండ్ర ముచ్చట. ఇందులో నొక్కచుక్కయైన లేదు. వట్టిపాత్రలో దోషమేమున్నది?" అనిరి.

ఆనాఁడు నేను బదులు చెప్పలేదు. మంగళకార్యమున నప్రియము పలుకరాదని మాత్రమే కాదు. ఆ ప్రశ్నకు సరియైన బదులు చెప్పవలెనన్న నా తప్పు నొకదానిని మొదట నొప్పుకొనవలసియుండెను. పెండ్లిపందిరి యందులకుఁ దగినచోటు కాదు. ప్రార్థనకై కూడిన యీ చోటు తగినది. కావున నాఁటి ప్రశ్నకు నేఁడు బదులు చెప్పుచున్నాను.

మొదట నా వస్తు వెట్టిదో తెలిసికొందము. సాక్ష్యము వినక తీర్పు చెప్పుట న్యాయవాదికిఁ దగదు. సంస్కర్తకు మొదలే తగదు.

దీనిని హిప్‌ఫ్లాస్కు అందురు. మొలకుఁ గాని తొడకుఁ గాని యానుకొని యుండునట్లు కొంచెము వంచఁబడిన చదునైన చిన్నబుడ్డి యిది. 18వ శతాబ్దమున ఇంగ్లండుదేశపు భూస్వాములలో నిది వాడుకకు వచ్చెను. చలిదేశమున వేఁటకుఁ బోవువారును, గుఱ్ఱపుబండ్లలో దూరప్రయాణము చేయువారును బ్రాందీనో విస్కీనో వెంటఁ గొనిపోవుటకు దీనిని జేయించుకొనిరి. కొందఱు వెండితోఁ జేయించిరి; కొందఱు తగరము ప్రధానముగాఁ గల ప్యూటరను మిశ్రలోహముతోఁ జేయించిరి. గాజుబుడ్డికిఁ దోలు తొడిగి, అడుగున వెండిగిన్నె నమర్చి, ఆ గిన్నెనే యూడఁదీసి త్రాగుటకు వీలుగాఁ జేసినవి కొన్ని. గుఱ్ఱపుజీనునకుఁ దగిలించుకొను పొడవైన గాజుబుడ్లు కొన్ని. షెఫీల్డు నగరపు పనివాండ్రు ఈ పనియందు మిక్కిలి పేరుపడిరి. పావుచుట్టు త్రిప్పఁగానే బిగిసికొను మూఁతలును, ఎక్కడనో పడిపోకుండఁ గీలుతో బంధింపఁబడిన మూఁతలును వారి నేర్పునకు సాక్ష్యములు. పాతకాలపు ప్యూటరులో సీసము కూడఁ జేరియుండెడిది గనుక, నిలువయుంచిన మద్యములోనికి ఆ లోహవిషమును దిగుచుండెను. ఆ షెఫీల్డునందే 1913లో హ్యారీ బ్రియర్లీ యనునాయన తుప్పుపట్టని యుక్కును దయారుచేసెను. పిదప నీ బుడ్డి దానితోఁ జేయఁబడి చౌక యయ్యెను. వెండిబుడ్డి జమీందారునకే యందును. ఉక్కుబుడ్డి గుమాస్తాకును అందును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1920 జనవరి 17 మొదలు 1933 డిసెంబరు 5 వఱకు మద్యనిషేధశాసన మమలునం దుండెను. ఆ పదునాలుగేండ్లలో నీ బుడ్డికిఁ గలిగినంత వైభవ మంతకుముందెన్నఁడును గలుగలేదు. స్త్రీలు మేజోళ్లపట్టీలలోఁ దుఱుముకొనిరి. పురుషులు కోట్ల లోపలిజేబులలోఁ బెట్టుకొనిరి. లోపలఁ దొలిచిన చేతికఱ్ఱలలోను, పుస్తకములలోను దాఁచినవారును గలరు. చట్టము దుకాణమును మూసెను, జేబును మూయలేకపోయెను.

ఇది కానుకగా నిచ్చుటకేల యింత ప్రియమైనదో యోచింపుఁడు. చిన్నది, పగులదు, చిరకాలము నిలుచును, కొలత చూడనక్కఱలేకయే యందఱకు సరిపోవును, పేరు చెక్కుటకుఁ జదునైన చోటున్నది, వెల పెద్దది కాదు, చూపునకుఁ బెద్దఱికమున్నది. మగవారి కేమి యీయవలెనో తోఁచనివారికిఁ దటాలునఁ దోఁచు వస్తువిది. పాశ్చాత్యదేశములలో వరుఁడు తన పక్కన నిలుచు స్నేహితులకు దీని నిచ్చుట పరిపాటి; ఆ పరిపాటియే మన మెట్టసీమకును వచ్చినది. ఈ గుణములలో నొక్కటియుఁ జెడ్డది కాదు. అందము దోషము కాదు. మన్నిక దోషము కాదు. స్నేహితుని పేరు చెక్కించుట యసలే దోషము కాదు.

అయితే దానికి మఱియొక గుణమున్నది. అది దాని వంపు. శరీరమునకు నొరసికొనకుండుట కా వంపని చెప్పుదురు. నిజమే. కాని యొరసికొననిది కనఁబడదు కూడ. త్రాగుటకు వంపు అక్కఱలేదు, దాఁగుటకే యక్కఱ.

మన దేశపుఁ బాత్రలను జూడుఁడు. మన తాతలు నందిగామనుండి బండ్లు గట్టుకొని బెజవాడకుఁ బోవునపుడు మరచెంబును వెంటఁ గొనిపోయెడివారు. ఇత్తడిచెంబునకు మరమూఁత, పట్టుకొనుటకుఁ గడియము. అది బండికి వ్రేలాడుచుండెను, ఎల్లరకును గనఁబడుచుండెను. గొఱ్ఱెలకాపరి భుజమున సొరకాయబుఱ్ఱ, సన్న్యాసిచేతఁ గమండలువు, ఇవియు బహిరంగపాత్రలే. కడకుఁ గల్లులొట్టియైనను తాటిచెట్టున నూరందఱి కన్నులయెదుట వ్రేలాడుచుండును. దానిని మెచ్చుకొనుచున్నా నని తలఁపకుఁడు. చెట్టుక్రిందఁ గూర్చుండి కల్లు త్రాగువాని నూరు చూచును. వాని యాలు వచ్చి చేయిపట్టి యింటికి లాగుకొనిపోఁగలదు. ఆ మాత్రపు రక్షణమైనను వానికున్నది.

ఇక్కడ మన పూర్వుల దోషమును గూడఁ జెప్పవలయును. ఆ మరచెంబునీళ్లు దాహముతో వచ్చిన ప్రతివానికిని దొరకెడివి కావు. ముట్టరాదని తొలఁగించినవా రెందఱో! నీటిని గులము దాఁచెను. నేఁడు సారాను మర్యాద దాఁచుచున్నది. మొదటి మఱుఁగును దొలఁగించుటకు మన సమాజ మెంత పోరాడెనో మీ రెఱుఁగుదురు. రెండవ మఱుఁగును మన చేతులతో మనమే కట్టి, దానిపైఁ బేరు చెక్కించి కానుకగా నిచ్చుచున్నాము.

"దాఁచుకొనుటయే దోషమా? గుప్తదానమును బెద్దలు పొగడలేదా?" అని యడుగవచ్చును. దానమును దాఁచువాఁడు పొగడ్తకు వెఱచి దాఁచును; ఈ బుడ్డిని దాఁచువాఁడు నిందకు వెఱచి దాఁచును. మొదటివాని రహస్యము ప్రార్థనలోఁ జెప్పుకొనఁదగినది. రెండవవాఁడు దానిని జేబునఁ బెట్టుకొని ప్రార్థనకుఁ గూర్చుండఁగలఁడా?

ఇఁక నింకొకమాట. సామాన్యముగా నమ్ముడుపోవు ఫ్లాస్కు ఆఱౌన్సులది. ఇంచుమించుగా 177 మిల్లీలీటర్లు పట్టును. మన దుకాణములలో నమ్ము క్వార్టరుసీసా 180 మిల్లీలీటర్లది. కొలత యొక్కటే! పత్తిచేనఁ గూలిచేసి, ప్రొద్దుక్రుంకినపిమ్మట క్వార్టరుసీసాను మొలలోఁ జెక్కుకొని పోవువానిని జూచి మన మసహ్యించుకొందుము. వానిని ద్రాగుబోతని పిలుతుము. ఆ మొలయే, ఆ కొలతయే, ఆ ద్రవమే. లోహము మాత్రము మాఱినది. వాని సీసా కాగితముచీటితో నున్నది. మన సీసా చెక్కినపేరుతో నున్నది. ఈ దేశమునఁ జేయు విస్కీ బ్రాందీలలో నూటికి 42.8 వంతులు మద్యసారము. ఆ లెక్కను నిండు ఫ్లాస్కులో మద్యసార మించుమించు 60 గ్రాములుండును. మద్యము క్యాన్సరును గలిగించునని 1988లోనే యంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ నిర్ణయించినది; ఏ కొలతయు నిరపాయము కాదని 2023లో ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. కాలేయము పాత్రయొక్క లోహమును విచారింపదు.

ధర్మాసనము మాత్రము కొంత విచారించునేమో! గరికపాడు సరిహద్దు దాఁటించుచు సీసాలతోఁ బట్టువడిన కూలివాండ్రను బోనులో నెందఱినో చూచితిని. వారిలోఁ గొందఱి పక్షమున వాదించితిని. వెండిబుడ్డితోఁ బట్టువడిన పెద్దమనుష్యు నొక్కనినైనఁ జూడలేదు.

సోదరులారా! ఇప్పుడు నా తప్పును జెప్పెదను.

పదునాలుగేండ్ల క్రిందట నాయొద్ద నొక యువకుఁడు వకీలు పని నేర్చుకొనుచుండెను. మంచిబుద్ధి, నిష్కపటమైన మనస్సు. తానొక్కఁడే వాదించి మొదటి పెద్దదావా గెలిచిన దినమున నేను సంతోషముతోఁ బొంగిపోయితిని. నేను మద్యము ముట్టువాఁడను గాను. అయినను నాగరకుఁడనని యనిపించుకొను వేడుక నాకు లేకపోలేదు. హైదరాబాదునుండి యిట్టి బుడ్డి నొకదానిని దెప్పించి, అతని పేరును, దావా గెలిచిన తేదీని జెక్కించి, పదిమందియెదుటఁ జేతి కిచ్చితిని. అందఱును జప్పట్లు కొట్టిరి. అతఁడు నా పాదములకు నమస్కరించెను.

అప్పటి కతఁడు త్రాగనివాఁడని చెప్పను. విందులలో నెప్పుడైనఁ గొంచెము పుచ్చుకొనెడివాఁడు. నా కానుక యతనికి మద్యము నేర్పలేదు. వేళయు స్థలమును లేని త్రాగుడు నేర్పినది. విందు ముగియును, సీసా యింటఁ బెట్టినచో నిల్లాలు చూచును, ఈ బుడ్డికి ముగింపులేదు, చూచువారు లేరు. మొదట రాత్రి ప్రయాణములలో. పిదప మధ్యాహ్నపు విరామమున. పిదప దావా పిలువఁబడుటకు ముందు ధైర్యమునకు. ఒకనాఁ డతని మాట తడఁబడుట గమనించితిని. అడిగితిని. నిద్రలేదనెను. నమ్మితిని, నమ్మితి ననుటకంటె, నమ్ముట నాకు సుఖముగా నుండెను. అతని బాధలకు నా కానుక యొక్కటియే కారణమని నేననను. తండ్రి మరణము, అప్పులు, పొలము తగవులు, ఇవియు నుండెను. కాని యా బాధ లతనిని మనుష్యులయొద్దకుఁ బంపవలసిన వేళలయం దాతని చేయి జేబులోనికిఁ బోవుచుండెను. ఆ జేబులో నున్నది నేనిచ్చినది.

నలువదేండ్లు నిండకమునుపే కాలేయవ్యాధితో నతఁడు గతించెను. నెల గడచినపిమ్మట నతని భార్య కక్షిదారుల కాగితములను నాకప్పగించుటకు వచ్చినది. కట్టలన్నియు బల్లపైఁ బెట్టి, కడపట చీరకొంగులోనుండి యా బుడ్డిని దీసి వానిప్రక్క నుంచినది.

"ఇదేమమ్మా?" అంటిని.

"మీరిచ్చినదే గదా, అన్నగారూ! ఆయన కోట్లు పేదలకుఁ బంచిపెట్టితిని. దీనిని మాత్ర మెవ్వరి కీయను?" అనినది.

ఆమె నన్ను నిందింపలేదు. నిందించియుండినచో నేను వాదించియుందును; వాదించుట నా వృత్తి. దీనిని మాత్ర మెవ్వరి కీయననుమాటకు బదులు నేఁటివఱకు నాకు దొరకలేదు. వట్టిపాత్రలో దోషమేమని యడిగిన నా మిత్రునకు నే నీయఁగల సాక్ష్య మీ మాటయే. నాకు తిరిగివచ్చిన బుడ్డియు వట్టిదే.

కానుక యనఁగా నేమి? అది లోహరూపము దాల్చిన కోరిక. దీపమిచ్చువాఁడు నీ యిల్లు వెలుఁగవలెనని కోరును. పుస్తకమిచ్చువాఁడు నీ బుద్ధి వికసింపవలెనని కోరును. మొలను దాఁచుకొను సారాబుడ్డి నిచ్చువాఁడేమి కోరుచున్నాఁడు? నోటితో నేమి పలికినను, ఆ వస్తువు పలుకునది వేఱు: "నీ భార్య యెఱుఁగనిది, నీ తల్లి యెఱుఁగనిది, నీ బిడ్డ లెఱుఁగనిది యొకటి నీకుండుఁగాక!" శత్రువైన నింతకంటెఁ గీడు కోరఁగలఁడా?

పేరు చెక్కిన కానుక మనకుఁ గ్రొత్తది కాదు. జగ్గయ్యపేటప్రక్కన ధనబోడు గుట్టమీఁద బౌద్ధస్తూప మొకటి యుండెను. 1882లో జేమ్సు బర్జెస్సు దానిని ద్రవ్వించెను. అక్కడి ఱాతికంబములపై నిక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని యిరువదవ యేఁటి శాసనము దొరకినది; అది మూఁడవ శతాబ్దమునాఁటిది. ఆ కంబముల నెత్తించినవాఁడు రాజు గాఁడు, మంత్రి గాఁడు. సిద్ధార్థుఁడను నొక శిల్పి. వెలగిరి గ్రామపు మహాచైత్యమునకుఁ దూర్పువాకిట నైదు కంబములను నిలిపి, అతఁడు తన పేరొక్కటియే చెక్కించుకొనలేదు. తల్లిపేరు, భార్యపేరు, కొడుకుపేరు, కూఁతురుపేరు, తమ్మునిపేరు, మఱఁదలిపేరు, వారి బిడ్డలపేళ్లు అన్నియుఁ జెక్కించెను. సర్వప్రాణుల హితసుఖములకై యీ దానమని వ్రాయించెను. పదునేడువందల యేండ్లు గడచినను నది చదువఁదగియున్నది. మద్యమును విడుచుట బౌద్ధుల పంచశీలములలో నైదవదని మీరెఱుఁగుదురు. ఆ శిల్పి యిల్లంతయు నెఱుఁగునట్లు, ఎండలో, వాకిట, ఱాతిపైఁ జెక్కించిన పేళ్ల నొకవైపునను, ఇంటిలో నెవ్వరును జూడకుండఁ జేఁకటిజేబులోఁ బెట్టుకొను పేరు నొకవైపునను నుంచి చూడుఁడు. రెండును గానుకలే, రెండును జెక్కుడుపనులే. ఒకదానిలోఁ గుటుంబమంతయు నున్నది. రెండవదానినుండి కుటుంబమంతయు వెలివేయఁబడినది.

ఈ బుడ్డి యే దేశమునుండి వచ్చెనో యా దేశమునకే 1870లోఁ గేశవచంద్రసేనులవారు పోయి, హిందూదేశమున సారావ్యాపారమువలనఁ గలుగుచున్న కీడును ఆ పాలకజాతియెదుటనే నిర్భయముగాఁ బలికిరి. మన కృష్ణామండలమున బందరులో జన్మించిన రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారు (1862-1939) బహిరంగజీవితమున కొక నీతి, రహస్యజీవితమున కొక నీతి లేదని తమ నడవడిచేతనే బోధించిరి. వారి బోధను విన్న తరమువారి మనుమలము మనము. సభలో మద్యనిషేధతీర్మానమును బలపఱచి, ఇంటికిఁ బోవుదారిలో జేబు తడవుకొనువాని నేమనవలెను?

చట్టము వచ్చినఁ జాలునందురా? 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో రోశమ్మగారును, తోడి స్త్రీలును సారాపై దిరుగఁబడిరి. 1993 అక్టోబరు 1న సారాయి నిషేధింపఁబడెను. 1995 జనవరి 16న సంపూర్ణమద్యనిషేధము వచ్చెను. 1997లో నది సడలింపఁబడెను. ఆ పేదస్త్రీలు చీపురుకట్టలతోఁ జేసిన పనిని మనము శాసనగ్రంథములతో నిలుపలేకపోతిమి. వారు తమ మగవాండ్ర సీసాలను వీథిలోఁ బగులఁగొట్టఁగలిగిరి. ఏలయన నవి కనఁబడుచుండెను. విద్యావంతుల యిండ్ల స్త్రీల కా భాగ్యమును లేదు. కనఁబడని దానిని వారెట్లు పగులఁగొట్టుదురు? చట్టము బహిస్సాక్షిని గోరును. ఈ బుడ్డికి బహిస్సాక్షి లేఁడు. అంతస్సాక్షి యొక్కఁడే కలఁడు.

ఆ యంతస్సాక్షినే గదా మన మారాధించుచున్నది! మనకు విగ్రహము లేదు, గర్భగుడి లేదు, తెర లేదు. సర్వవ్యాపియగు పరబ్రహ్మము హృదయమున వసించుచున్నాఁడని నమ్మినవారము. హృదయమునకుఁ జేరువగా నున్న జేబులోని దానిని ఆయన చూడఁడని యెట్లు తలంచితిమి? మనుష్యులనుండి దాఁచఁగోరినవాఁడు మొదట దేవునినుండి దాఁచఁగోరును. అది సాధ్యము గాదని తెలిసికొని, దేవునే మఱచిపోవఁగోరును. ప్రార్థన విసుఁగగుట కిదియే దారి. ఆ యువకుఁడు నాయొద్దకు వచ్చుట తగ్గింపకముందే యీ ప్రార్థనకు వచ్చుట మానెను. నే నది గమనించియుఁ బనుల యొత్తిడి యనుకొంటిని.

కావున, సోదరులారా! వివాహములయందుఁ గాని, ఉద్యోగమున హెచ్చు కలిగినపుడు గాని, పరీక్ష నెగ్గినపుడు గాని, యిట్టి కానుకను మన మీయము. మన పేరు చెక్కి యెవ్వరైన నిచ్చినచో వినయముతోఁ దిరిగి యిచ్చివేయుదము. మరచెంబుమీఁదను బేరు చెక్కవచ్చును, కలముమీఁదను జెక్కవచ్చును. మునియేటియొడ్డునఁ బెంచిన మామిడిమొక్కకుఁ బేరుపెట్టి యీయవచ్చును. స్నేహితుని భార్యయు, తల్లియు, బిడ్డలును జూచి సంతోషింపఁగలుగునట్టిదే కానుక. ఇచ్చునప్పు డీ యొక్క ప్రశ్న వేసికొనిన నిఁక వేఱొక శాస్త్ర మక్కఱలేదు. సోదరీమణులారా! మీ యిండ్ల నిట్టి పాత్ర కనఁబడిన నిందతో మొదలుపెట్టకుఁడు. దానిని దీసి నలుగురు కూర్చుండు బల్లమీఁదఁ బెట్టుఁడు. మఱుఁగు పోయినచో దాని బలములో సగము పోవును.

నేను నట్లే చేయుచున్నాను. ఏడాదిగా నా మేజాసొరుగులోఁ దాళమువేసి యుంచిన యా బుడ్డిని నేఁడు తెచ్చితిని. ఇదిగో, మీ యెదుట నున్నది. పేరున్న వైపును గుడ్డతోఁ గప్పితిని. ఆ పేరు గౌరవింపఁదగినది. రేపటినుండి యిది నా కచ్చేరీగదిలో న్యాయగ్రంథములప్రక్క నుండును. నాయొద్దకు వచ్చు యువకులు దీనినిగుఱించి యడుగుదురు. అడిగిన ప్రతివానికిని నా తప్పును జెప్పెదను.

ప్రార్థింతము.

ఓ సర్వసాక్షీ! మాకు మఱుఁగైనది నీకు మఱుఁగు గాదు. మేము స్నేహమని తలఁచి చేసిన కీడును క్షమింపుము. మేము చూడక, చూచియుఁ జూడనట్లుండి, చేజాఱ్చుకొనిన మా తమ్ముని నీ దయలోఁ జేర్చుకొనుము. అతని యిల్లాలికి ధైర్యమును, బిడ్డలకు సత్పథమును నొసఁగుము. మా యిచ్చిపుచ్చుకొనుటలను పగటివెలుఁగువలె నిర్మలము చేయుము. మా శరీరములే నీవు చేసిన పాత్రలు; వానిలో నీకుఁ జూపరానిది యేదియు నిలువకుండుఁగాక!

ఓం శాంతిః శాంతిః శాంతిః.